బ్యాకప్ ఫెయిల్ అవుతోందా? సాఫ్ట్‌వేర్ మార్చే ముందు పీసీ మూత తీయండి

బ్యాకప్ ఫెయిల్ అయ్యిందని మెసేజ్ కనపడగానే చాలామంది చేసే పని ఒకటే, మళ్లీ స్టార్ట్ నొక్కడం. రెండోసారీ ఫెయిల్ అయితే వేరే సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకోవడం. పీసీ బాగుంటే ఇందులో పోయేదేమీ లేదు. కానీ హార్డ్ డిస్క్ చివరి దశలో ఉన్నప్పుడు, ఇలా ఊరికే తిప్పే కొద్దీ అది ఇంకా దెబ్బతింటుంది. ఫైళ్లు బయటకి తీసుకోవడానికి మిగిలిన టైమ్ కాస్తా అలా అయిపోతుంది.

అసలు బ్యాకప్ దగ్గరే లోపం ఎందుకు బయటపడుతుందో చూద్దాం. రోజూ మనం తెరిచేది బ్రౌజర్, రెండు మూడు ఫోల్డర్లు, ఒక గేమ్. పదేళ్ల కింద కాపీ చేసిన ఫోటోల జోలికి ఎప్పుడో గానీ వెళ్లం. డిస్క్‌లో ఆ మూల పాడైనా మనకి తెలిసే దారి లేదు. బ్యాకప్ మాత్రం ప్రతి ఫైల్‌నీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. అంటే ఇంటి పీసీకి ఇది ఫుల్ బాడీ చెకప్ లాంటిది. రిపోర్ట్ బాగా రాలేదని ల్యాబ్ మారిస్తే జబ్బు పోదు కదా!

ఈమధ్య వాడరేవులో ఒక ఇంట్లో చూసిన డెస్క్‌టాప్ దీనికి సరైన ఉదాహరణ. చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు వెళ్తే సముద్రం ఒడ్డునే ఉండే ఊరు అది. ఇంటాయన చేనేత చీరలకి కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తారు. "బ్యాకప్ పెడుతూనే ఉన్నానండీ, సగం దాటాక చచ్చిపోతోంది. మూడు సాఫ్ట్‌వేర్‌లు మార్చా" అన్నారు. కొన్నేళ్ల డిజైన్లు ఆ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి, రెండో కాపీ లేదు.

క్యాబినెట్ మూత తీస్తే సగం జవాబు అక్కడే కనపడింది. స్క్రూలకి తుప్పు, సాటా కేబుల్ కనెక్టర్ దగ్గర పచ్చగా చిలుము. సముద్రం పక్కన బైక్ చైన్‌కి, గేటు తాళానికి ఏమవుతుందో పీసీకీ అదే అవుతుంది. క్యాబినెట్ ఫ్యాన్ గాలితో పాటు ఉప్పునీ లోపలికి లాగుతుంది. గాల్లో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని కరిగిపోతుంది. అప్పుడు కాంటాక్ట్‌ల మీద పలచటి ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. ఒడ్డు ఊళ్లలో ఆ స్థాయి తేమ మామూలు విషయమే. కరెంట్ ఉన్నట్టుండి పోయి రావడం దీనికి తోడైతే చెప్పక్కర్లేదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఒక కాగితం తీసుకుని, బ్యాకప్ ఏ ఫైల్ దగ్గర ఆగిందో రాసుకోండి. చాలా టూల్స్ లాగ్ ఫైల్‌లో ఇది ఉంటుంది. ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగుతుంటే అనుమానం డిస్క్ మీద, ఆ చోట సెక్టార్లు పాడై ఉండొచ్చు. ఆగే చోటు ఒక్కోసారి ఒక్కోలా ఉంటే కేబుల్, ర్యామ్, పవర్ సప్లై వైపు చూడాలి. ఖర్చు లేని టెస్ట్ ఇది, మా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది కూడా ఇదే.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ టూల్ తెరవండి. అందులో చాలా లైన్లుంటాయి గానీ హార్డ్ డిస్క్‌కి ముఖ్యంగా మూడు చూడండి. 05 అంటే పాడైన సెక్టార్ల బదులు డిస్క్ వాడేసిన స్పేర్ సెక్టార్లు. సి5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. సి7 అంటే డిస్క్‌కీ బోర్డ్‌కీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పులు, ఇది ఎక్కువగా కేబుల్ సమస్య. సి7 నంబర్ ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు. కాబట్టి కేబుల్ మార్చాక అది సున్నా కాలేదని కంగారు పడకండి, ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడండి. వాడరేవు పీసీలో సి5, సి7 రెండూ తేడాగానే ఉన్నాయి. ఒకదాన్ని సరిచేసి ఊరుకుంటే రెండోది మళ్లీ దెబ్బకొట్టేదే.

సి5లో సున్నా కాకుండా ఏదైనా కనపడిందంటే ఇక రిపేర్ ఆలోచన పక్కన పెట్టి ముందు ఫైళ్లు తీయండి. చెక్‌డిస్క్ మాత్రం నడపొద్దు. చాలా వీడియోల్లో మొదటి సలహా అదే ఇస్తారు, కానీ పోయే డిస్క్ మీద అది గంటల తరబడి రుద్దుతుంది, పైగా ఫైల్ సిస్టమ్‌ని మార్చేస్తుంది. మొత్తం డ్రైవ్‌ని ఒకేసారి కాపీ చేయాలన్న ఆశ కూడా వద్దు. మళ్లీ దొరకనివి ముందు: సొంత పని, ఫోటోలు, డాక్యుమెంట్లు. సినిమాలు, గేమ్‌లు ఎలాగూ మళ్లీ దొరుకుతాయి.

దీనికి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ బాగా పనికొస్తుంది, అయితే ఒక మెలిక ఉంది. చదవలేని ఫైల్ వస్తే అది డీఫాల్ట్‌గా 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతి ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్క వేస్తే ఒక్క ఫైల్ దగ్గరే దాదాపు 347 రోజులు! అందుకే కమాండ్ చివర ఆర్, డబ్ల్యూ స్విచ్‌లు రెండిటికీ 1 ఇవ్వండి. ఒకసారి మళ్లీ చూసి, రాకపోతే వదిలేసి ముందుకెళ్తుంది. డిస్క్ మరీ మొరాయిస్తుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ వాడండి. తేలిగ్గా చదవగలిగే భాగాలు ముందు తీసేసుకుని, మొండి భాగాల్ని మ్యాప్ ఫైల్‌లో గుర్తు పెట్టుకుని చివర్లో వాటి సంగతి చూస్తుంది. టకటక శబ్దం వస్తుంటే ఇవేవీ వద్దు. పీసీ ఆపేసి డేటా రికవరీ వాళ్లకి ఇవ్వడమే.

వాడరేవు డిస్క్‌లోంచి ఇలా డిజైన్ల ఫోల్డర్ దాదాపు మొత్తం బయటపడింది. రానివి కొన్ని ఫైళ్లు, ఒక పెళ్లి వీడియో. డిజైన్లు మళ్లీ గీసుకోవచ్చు, వీడియో పోయినట్టే.

ఫైళ్లు చేతికొచ్చాక మిగతా పని నిదానంగా చేసుకోవచ్చు. సాటా కేబుల్ మార్చండి, పెద్ద ఖర్చు కాదు. ర్యామ్ కాంటాక్ట్‌లని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరూ చేసేదే, కానీ దాని మీద బంగారం పూత చాలా పలచన, రుద్దే కొద్దీ అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మేలు. ఆ తర్వాత రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌తో తీసిన బ్యాకప్‌ని నమ్మలేం. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని క్యాబినెట్ ముందు పోర్ట్‌కి కాకుండా వెనక పోర్ట్‌కి పెట్టండి. ముందు పోర్ట్‌కి వెళ్లే వైర్ల దగ్గర పవర్ తగ్గి, డిస్క్ మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతూ ఉంటుంది.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి: గడియారం. మదర్‌బోర్డ్ మీద ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, కరెంట్ పోయిన ప్రతిసారీ పీసీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు క్లౌడ్ సర్వర్ సర్టిఫికెట్ చెల్లదనుకుని సింక్ ఆగిపోతుంది. తేదీ చూసి కొత్త ఫైళ్లని ఏరుకునే బ్యాకప్ టూల్స్ అయితే ఇవాళ చేసిన ఫైల్‌ని పాతదనుకుని వదిలేస్తాయి, ఎర్రర్ కూడా చూపించవు. ఇక పెద్ద వీడియో దగ్గర మాత్రమే ఆగుతుంటే డ్రైవ్ ఫార్మాట్ చూడండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

బ్యాకప్ పూర్తయిందని గ్రీన్ టిక్ వచ్చినా అక్కడితో వదలొద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున మెయిన్ డేటాబేస్ తుడిచేశారు. బ్యాకప్ కోసం వెతికితే అప్‌లోడ్ కావాల్సిన చోట ఏమీ లేదు. వెర్షన్ తేడా వల్ల అది అంతకు ముందు నుంచే ఫెయిల్ అవుతోంది, ఆ హెచ్చరిక ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఉండబట్టి బయటపడ్డారు. అంత పెద్ద టెక్ కంపెనీ పరిస్థితే అది. మీరు నెలకోసారి బ్యాకప్‌లోంచి నాలుగైదు ఫైళ్లు వేరే ల్యాప్‌టాప్‌లోకి తీసి, తెరిచి చూడండి. పెద్ద వీడియో ఒకటి తప్పకుండా అందులో ఉండాలి, దాన్ని చివరి దాకా ప్లే చేయండి.

తీరం ఊళ్లలో ఉండేవాళ్లు బ్యాకప్ డిస్క్‌ని టేబుల్ మీద వదిలేయకుండా, సిలికా జెల్ ప్యాకెట్‌తో పాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. రెండో కాపీ అదే ఇంట్లో వద్దు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుఫాను హెచ్చరిక వచ్చాక బ్యాకప్ మొదలుపెడితే, అది పూర్తయ్యే దాకా కరెంట్ ఉండదు. చీరాలలోనో తెనాలిలోనో ఉన్న చుట్టాల ఇంట్లో ఒక డిస్క్ పెట్టి, పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చుకుంటూ ఉండండి.