కంచెకు చిక్కిన కాలు

గుర్రం కనిపించినప్పుడు కాస్త దూరంగా నిలబడి దాని కాలిని పరిశీలించండి. భుజం, తొడ కండలు తిరిగి బలంగా ఉంటాయి. కిందికి వస్తున్నకొద్దీ కాలు సన్నబడి, మోకాలు దాటాక కర్రలా మారిపోతుంది. సుమారు 500 కిలోల శరీరాన్ని ఆ నాలుగు కర్రలే మోస్తాయి. గుర్రానికి అవే ప్రాణం. కంచెతీగె మొదట పట్టుకునేది కూడా వాటినే.

కాలు చెడిన గుర్రాన్ని కాల్చివేయడమే మేలని ఒకప్పుడు అనుకునేవారు. నేడు తీగె కోసిన గుర్రాలు అనేకం తిరిగి నడుస్తున్నాయి. కొన్ని మళ్లీ పరుగెత్తుతున్నాయి కూడా. ఇది ఎలా సాధ్యమవుతున్నది? ముందు తీగె సంగతి, తర్వాత కాలి సంగతి చూద్దాం.

ఆవుకు కంచె, గుర్రానికి ఉచ్చు

అమెరికా మధ్యభాగంలో విశాలమైన గడ్డిమైదానాలున్నాయి. అక్కడ చెట్లు తక్కువ కనుక కంచెలకు కలప దొరకడం కష్టమయ్యేది. 1874లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డికాల్బ్‌కు చెందిన జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు, రెండు తీగెలను మెలిపెట్టి వాటి మధ్య ముళ్లు కదలకుండా బిగించే పద్ధతికి పేటెంటు పొందాడు. ముళ్లతీగె చౌక. అందుకే అది త్వరత్వరగా ఆ మైదానాలంతా వ్యాపించింది.

ముల్లు గుచ్చుకుంటే ఆవు సాధారణంగా వెనక్కు తగ్గుతుంది. గుర్రం స్వభావం వేరు. శత్రువు నుంచి పారిపోయి బతికే జంతువు అది. ఉరుముకో, కుక్క అరుపుకో బెదిరి పరుగెత్తి సన్నని తీగెను చూసుకోదు. కాలు చిక్కిందంటే బలమంతా పెట్టి గుంజుతుంది. గుంజినకొద్దీ తీగె బిగుస్తుంది, రంపంలా కోస్తుంది. గాయం పెద్దదయ్యేది తీగె వల్ల కొంత, గుర్రం భయం వల్ల కొంత.

వేలిమీద నిలబడే జంతువు

మీ చేతిని బల్లమీద నిలువుగా పెట్టి, నడిమివేలి కొన మాత్రమే ఆనేటట్లు ఉంచండి. గుర్రం ముంగాలు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. దాని 'మోకాలు' నిజానికి మన మణికట్టుకు సమానం. ఆ కింద ఉన్నది అరచేతిలోని ఒక ఎముక, ఒక వేలు. గిట్ట అంటే ఆ వేలి గోరే!

ఈ భాగంలో కండ దాదాపు లేదు. కాలిని కదిలించే కండరాలు పైన ఉండి, పొడవాటి తాళ్లవంటి స్నాయుబంధనాలతో కింది ఎముకలను లాగుతాయి. తోలుబొమ్మలవాడు పైనుంచి దారాలు లాగితే బొమ్మ చేతులు కదిలినట్లే. కాలి చివర తేలికగా ఉంటే దానిని వేగంగా ఊపవచ్చు. గుర్రం వేగానికి ఇదొక రహస్యం.

అయితే ఈ వేగానికి మూల్యం కూడా ఉంది. తొడమీద తెగితే లోపల మెత్తని కండ ఉంటుంది. రక్తం సమృద్ధిగా వస్తుంది. చర్మం వదులుగా ఉండి గాయం అంచులు దగ్గరకు జరుగుతాయి. మోకాలి కింద తెగితే చర్మం వెనుకనే స్నాయుబంధనం, ఎముక, కీలు బయటపడతాయి. రక్తప్రసరణ తక్కువ. చర్మం బిగుతు. నేలకు దగ్గర కనుక మట్టి, పేడ అంటుకుంటాయి. పైగా అడుగు వేసినప్పుడల్లా గాయం కదులుతుంది.

కాలి గాయం అంచునుంచి కొత్త చర్మం రోజుకు మిల్లీమీటరులో సుమారు పదోవంతు మాత్రమే పాకుతుంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గాయాన్ని రెండు వైపులనుంచీ కొత్త చర్మమే మూయాలంటే ఎన్ని రోజులు పడుతుందో మీరే లెక్క కట్టండి. 200 రోజులు! గాయం అంచులు కొంత దగ్గరకు ముడుచుకుంటాయి కనుక వ్యవధి తగ్గవచ్చు. కాని నెలల తరబడి ఓపిక మాత్రం తప్పదు.

మొదటి గంట

గుర్రం తీగెలో చిక్కితే మొదటి పని దానిని శాంతపరచడం. తెలిసిన మనిషి తలవైపు నిలబడి మెల్లగా మాట్లాడుతుంటే మరొకరు తీగెను కత్తిరించాలి. కాలిని లాగకూడదు.

రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డను మడిచి గట్టిగా అదిమి పట్టాలి. గుడ్డ తడిసినా దానిని తీయకూడదు. దానిమీదనే మరొకటి వేయాలి. తీస్తే అప్పుడే గడ్డకడుతున్న రక్తం కూడా ఊడివస్తుంది.

రక్తం నిలిచాక గాయాన్ని ఉప్పునీటితో కడుగుతారు. లీటరు కాచి చల్లార్చిన నీటికి తొమ్మిది గ్రాముల ఉప్పు. ఈ పాళ్లలో ఉన్న నీరు శరీరంలోని ద్రవాలకు దగ్గరగా ఉంటుంది కనుక కణాలకు హాని చేయదు. బూడిద, సున్నం, కిరసనాయిలు వంటివి పూస్తే సూక్ష్మజీవులకంటే ముందు గాయాన్ని మాన్పవలసిన కణాలే చనిపోతాయి.

ధనుర్వాతం టీకా సంగతి మరవరాదు. ధనుర్వాతం సోకే ప్రమాదం ఎక్కువగా ఉన్న జంతువుల్లో గుర్రం ఒకటి. ఆ బాక్టీరియా బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. గాలి తగలని లోతైన గాయంలో పెరుగుతాయి. 1890లో బేరింగ్, కిటసాటో ధనుర్వాతపు విషాన్ని విరిచే పదార్థాన్ని రక్తంలో కనుగొన్నారు. ఆ తర్వాత చాలాకాలం మనుషులకు ఆ మందు గుర్రాల రక్తం నుంచే వచ్చింది. మన ఆసుపత్రుల్లో పాముకాటుకు ఇచ్చే విరుగుడు నేటికీ గుర్రాల రక్తం నుంచే తయారవుతున్నది. గుర్రానికి మనం కొంత రుణపడి ఉన్నామన్నమాట!

వైద్యుడు ఏం చూస్తాడు?

పశువైద్యుడికి గాయం పొడవుకంటే అది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. కీలు పక్కన చిన్న రంధ్రం పడినా ప్రమాదమే. కీలులోకి సూక్ష్మజీవులు చేరితే గుర్రం శాశ్వతంగా కుంటిదైపోవచ్చు. దీనిని కనిపెట్టడానికి చక్కని పరీక్ష ఉంది. గాయానికి దూరంగా, కీలుకు రెండో వైపునుంచి సూదితో శుభ్రమైన ఉప్పునీటిని లోపలికి ఎక్కిస్తారు. ఆ నీరు గాయంలోనుంచి కారితే కీలు తెరుచుకున్నట్లే. అప్పుడు కీలును వెంటనే కడిగి మందులివ్వాలి.

కాలి ముందరివైపు స్నాయుబంధనం తెగితే గుర్రం గిట్టను ముందుకు చాచలేక తడబడుతుంది. తగిన ఆధారం కట్టి ఉంచితే చాలా గుర్రాలు కోలుకుంటాయి. వెనుకవైపువి తెగితే కష్టం. ఒంటి బరువు కింద కాలు కుంగిపోకుండా పట్టి ఉంచేవి అవే.

అతిగా మానే గాయం

గాయం మానేటప్పుడు మొదట అడుగునుంచి ఎర్రని కొత్త కండ పెరిగి గుంటను పూడుస్తుంది. దానిమీదుగా చర్మం పాకుతుంది. కాని గుర్రం కాలిలో ఈ కండ ఆగవలసినచోట ఆగదు. అంచులను దాటి కాలీఫ్లవర్‌లా ఉబ్బుతుంది. దీనినే దుర్మాంసం అంటారు. పాకుతున్న చర్మం ఈ గుట్టను ఎక్కలేదు. వైద్యుడు దానిని కత్తితో చర్మం మట్టానికి కోసివేస్తాడు. అందులో నరాలు లేవు కనుక గుర్రానికి నొప్పి తెలియదు. రక్తం మాత్రం బాగా కారుతుంది. గాయం పెద్దదైతే మరోచోటినుంచి చిన్న చర్మపు ముక్కలు తెచ్చి నారు నాటినట్లు నాటుతారు.

ఇలా ఎందుకవుతుంది? 1990లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో గుర్రాలనూ, పోనీలనే పొట్టి గుర్రాలనూ పోల్చి చూశారు. పోనీల గాయాలు త్వరగా మానాయి. వాటిలో గాయం తగలగానే వాపు బలంగా వచ్చి, తన పని ముగించుకొని త్వరగా తగ్గింది. పెద్ద గుర్రాల్లో వాపు మందంగా మొదలై, తగ్గకుండా సాగింది. అంటే వాపు శత్రువు కాదు. సకాలంలో రావడం, సకాలంలో పోవడం ముఖ్యం.

రెండో కాలు జాగ్రత్త!

ఒక కాలు నొప్పిగా ఉంటే గుర్రం బరువంతా ఎదుటి కాలిమీద మోపుతుంది. గిట్ట లోపల ఎముకను గోడకు పట్టి ఉంచే పొరలు పుస్తకం పుటల్లా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. బరువు పడుతూ, తొలగుతూ ఉంటేనే వాటికి రక్తం సరిగా అందుతుంది. ఎడతెగని బరువు వల్ల అవి దెబ్బతిని ఊడిపోతాయి.

అమెరికా పందెపు గుర్రం బార్బరో కథ ఇందుకు ఉదాహరణ. దానికి తగిలినది కంచె దెబ్బ కాదు. 2006 మే నెలలో పందెంలో కుడి వెనుకకాలు విరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేశారు. విరిగిన ఎముక చాలావరకు అతికింది. కాని ఎడమ వెనుకగిట్టలో పొరలు దెబ్బతిన్నాయి. తర్వాత ముంగాళ్లకూ ఆ బాధ సోకింది. చివరకు 2007 జనవరిలో దానికి బాధలేని మరణం కల్పించవలసి వచ్చింది. అందుకే ఇప్పుడు బాగున్న కాలికీ ఆధారపు కట్టు కడతారు. మెత్తని పడక వేస్తారు. నొప్పి తగ్గించే మందులిస్తారు.

మళ్లీ నడక

కట్లు విప్పాక గుర్రాన్ని ఒక్కసారిగా బయటికి వదలరు. కళ్లెం పట్టుకొని రోజుకు కొద్ది నిమిషాలు నడిపిస్తారు. వారాలు గడిచేకొద్దీ సమయం పెంచుతారు. కొలతగా పడే బరువును బట్టి స్నాయుబంధనంలోని కొత్త పోగులు ఒక వరుసలో అమరుతాయి. తొందరపడితే తెగుతాయి, అసలు కదపకపోతే చిక్కుపడిన దారపు ఉండలా అతుక్కుంటాయి. ఇందుకు ఆరు నెలలనుంచి సంవత్సరం వరకు పట్టవచ్చు.

ఇంత శ్రమకంటే గాయం కాకుండా చూడడం సులభం కదా! గుర్రాలున్నచోట ముళ్లతీగెకు బదులు చెక్కలుగాని, వెడల్పాటి పట్టీలుగాని వాడడం మేలు. అవి గుర్రం కంటికి ఆనాలి. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులను గుర్రం సరిగా వేరుచేయలేదు. బ్రిటన్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనిని పందెపు అడ్డుకంచెల విషయంలో పరీక్షించారు. ఫలితంగా 2022 నుంచి అక్కడ నారింజరంగుకు బదులు మెరిసే తెలుపు వాడడం మొదలైంది.

ఈ కంచె మన కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. గుర్రం కంటికి? కంచె వేసేముందు ఈ ప్రశ్న వేసుకుంటే ఎన్నో కాళ్లు నిలుస్తాయి.