‘కస్టమ్’ అను మాట

ఆంగ్లమున ‘హాబిట్’ అన్నను, ‘కస్టమ్’ అన్నను ‘అలవాటు’ అనియే మనము తెలిగించుట కలదు. కాని రెండును ఒకటి కావు. తెల్లవారగనే కాఫీ త్రాగుట ఒక మనిషి హాబిట్. ఇంటికి వచ్చిన ముత్తైదువకు బొట్టు పెట్టి పంపుట ఒక సంఘపు కస్టమ్. మొదటిది మానినచో అడుగువారుండరు. రెండవది మానినచో నలుగురును అడుగుదురు. ఈ నలుగురి ప్రమేయమే కస్టమ్ అను మాటకు ప్రాణము.

ఈ మాట లాటిను భాషలోని ‘కాన్సుయేటూడో’ నుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. వేషమను అర్థముగల ‘కాస్ట్యూమ్’ కూడ ఆ మూలమునుండి పుట్టినదే. ఆచారమునుబట్టి ధరించునది వేషమైనది.

ఇక ‘కస్టమ్స్’ అను బహువచనము సుంకమునకు పేరైనది. పూర్వము వర్తకులు వాడుక ననుసరించి ప్రభువులకు చెల్లించిన పన్నులకు ఈ పేరు వచ్చినది. 1275లో ఇంగ్లండున మొదటి ఎడ్వర్డు కాలమున ఎగుమతియగు ఉన్ని మూట ఒక్కింటికి 6 షిల్లింగుల 8 పెన్సులు సుంకముగా ఏర్పడెను. కవి చాసర్ 1374లో లండను రేవున ఈ సుంకముల లెక్కలు చూచు ఉద్యోగమున నియుక్తుడయ్యెను. ‘కస్టమర్’ అను మాటకు సుంకరి యను అర్థము కూడ ఒకప్పుడు ఉండెడిది. నేడది కొనువానికి పేరు.

అంగడి విషయమున ‘కస్టమ్’ అనగా కొనువారి రాకపోకలు. ‘ది షాప్ లాస్ట్ ఇట్స్ కస్టమ్’ అన్నచో దుకాణము ఆచారభ్రష్టమైనదని కాదు, బేరములు తప్పినవని భావము. మన యిండ్లలో ‘పాల వాడుక’ అనునప్పటి ‘వాడుక’ దీనికి సరియైన తెలుగు. ఒక కొనువాని కోరిక ప్రకారము చేసి యిచ్చిన వస్తువును ‘కస్టమ్ మేడ్’ అనుటయు ఈ అర్థమునుండి వచ్చినదే.

ఈ మాటలోని తారతమ్యము న్యాయస్థానమున మిక్కిలి ముఖ్యము. 1955 నాటి హిందూ వివాహ చట్టము అన్నాచెల్లెండ్ర బిడ్డల మధ్యను, మేనమామకును మేనకోడలికిని వివాహమును నిషేధించినది. కాని కస్టమ్ అనుమతించుచోట మినహాయింపు నిచ్చినది. మన ప్రాంతమున మేనరికపు పెండ్లిండ్లు చెల్లుటకు ఈ ఒక్క మాటయే ఆధారము. అట్టి కస్టమ్ చిరకాలముగా, ఎడతెగక, ఒకే రీతిగా పాటింపబడుచుండవలెను, నిశ్చితముగా నుండవలెను, అయుక్తమైనదిగాని, ప్రజాహితమునకు విరుద్ధమైనదిగాని కారాదు. కలదని వాదించువారే దానిని రుజువు చేయవలెను. ‘మా యింట రెండు పెండ్లిండ్లు ఇట్లే జరిగినవి’ అన్నంతమాత్రమున చాలదు. అది అలవాటు కావచ్చును, ఆచారమని తేలదు. ఆ భేదముపై ఒక స్త్రీ భార్యాత్వమును, ఆమె హక్కులును ఆధారపడియుండును.

ఆచారమునకును పైన ఒక హద్దు కలదు. మన రాజ్యాంగపు 13వ అధికరణము శాసనబలముగల ఆచారమును కూడ ‘శాసనము’ అను పదమునందే చేర్చినది. ప్రాథమిక హక్కులకు భంగకరమైనంతవరకు అది చెల్లదు. తరతరములుగా వచ్చినదని చెప్పి అస్పృశ్యతను ఎవరును సమర్థింపలేరు.

కావున ఈ మాట ఎదురైనప్పుడు శ్రోతలు ఒక ప్రశ్న వేసికొనిన చాలును: ఇది ఒక్కని అలవాటా, అంగడి వాడుకయా, రేవులోని సుంకమా, నలుగురు కట్టుబడిన ఆచారమా? సమాధానము దొరికినచో తగిన తెలుగు మాటయు తానే దొరకును.