తపాలాలో వచ్చు మందులు: రోగి భద్రత

వైద్యుడు వ్రాసియిచ్చిన మందు రోగి చేతికి చేరుటకు పూర్వము ఎన్నో చేతులు మారును. ఈ ప్రయాణమంతటను దానిని తగిన ఉష్ణోగ్రతలో ఉంచినపుడే అందలి గుణము నిలుచును. మందు తపాలాలో వచ్చునపుడు ఈ ప్రయాణములోని చివరి భాగము ఔషధ నిపుణుని అదుపులో ఉండదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పలు ఆరోగ్య బీమా పథకములు ఒక నిబంధనను విధించుచున్నవి. రక్తపోటు, మధుమేహము వంటి దీర్ఘవ్యాధులకు వాడు మందులను, సాధారణముగా 90 దినములకు సరిపడునట్లు, పథకమువారు నిర్ణయించిన సంస్థనుండి తపాలా ద్వారానే తెప్పించుకొనవలెను. పొరుగు దుకాణములో కొన్నచో బీమా సొమ్ము లభింపకపోవచ్చును, లేదా రోగి అధికముగా చెల్లింపవలసి యుండును. అచట స్థిరపడిన తెలుగు కుటుంబములలోను ఇట్టి పథకములు గలవారు ఉన్నారు.

మందు ఇంటికి వచ్చుట తప్పు కాదు. నడువలేని వృద్ధులకు, దూరప్రాంతములవారికి అది మేలే. అయితే అన్ని మందులకు, అన్ని ఋతువులకు ఒకే మార్గమును నిర్బంధించుటలోనే ప్రమాదము కలదు.

వేడిమి వలన హాని

వాడకము ప్రారంభింపని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలువ చేయవలెను. అది గడ్డకట్టినచో, కరిగిన పిదప సైతము పనికిరాదు. అధికమైన వేడిమికి దాని శక్తి తగ్గును. గుండెనొప్పికి నాలుక క్రింద ఉంచుకొను నైట్రోగ్లిసరిన్ మాత్రలు, థైరాయిడ్ రోగులు వాడు లెవోథైరాక్సిన్ మాత్రలు కూడ వేడిమికి చెడును.

అరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్స్ నగరములో 2023వ సంవత్సరము వేసవిలో వరుసగా 31 దినములు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటినది. ఎండలో నిలిచిన బండిలోను, ఇంటి ముందరి లోహపు తపాలాపెట్టెలోను వేడిమి బయటికంటె ఎక్కువగా ఉండును.

శక్తి తగ్గిన ఇన్సులిన్ ఒక్కొక్కప్పుడు చూచుటకు మంచిదానివలెనే ఉండును. రోగి కొలత తప్పక తీసికొన్నను రక్తములో చక్కెర పెరుగును. మోతాదు చాలలేదని తలచి దానిని పెంచవచ్చును. తరువాత మంచి సీసా వచ్చినపుడు ఆ పెంచిన మోతాదే చక్కెరను ప్రమాదకరముగా తగ్గించి, రోగి స్పృహ తప్పుటకు కారణము కావచ్చును.

ఆలస్యము వలన హాని

2020వ సంవత్సరము వేసవిలో అమెరికా తపాలాలో ఆలస్యములు ఏర్పడి, మాజీ సైనికులలో పలువురికి మందులు సకాలములో అందలేదు. మూర్ఛరోగి మందు అకస్మాత్తుగా ఆగినచో మూర్ఛలు తిరిగి రావచ్చును. ఇన్సులిన్ తప్పనిసరియైనవారికి అది అందకపోవుట ప్రాణాపాయము.

న్యూయార్కు రాష్ట్రము 2011లో ఈ నిర్బంధమును సడలించుచు చట్టము చేసినది. తపాలా సంస్థకు ఇచ్చు ధరకే అంగీకరించు స్థానిక దుకాణమునుండి మందు తీసికొను అవకాశమును అది రోగికి కల్పించినది.

మన దేశములో

భారతదేశములో పలువురు తమ ఇష్టము చొప్పున మందులను ఇంటికి తెప్పించుకొనుచున్నారు. ఇచటను వేడిమిని మరువరాదు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీల ఎండ కాయుట కలదు. 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారము షెడ్యూల్ హెచ్‌లోని మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. చీటీ అడుగక మందు పంపువారిని నమ్మరాదు.

పాటింపవలసిన జాగ్రత్తలు

1. మందు అయిపోవుటకు పది దినములు ముందుగానే తెప్పించుకొనవలెను.

2. వేసవిలో ఇన్సులిన్‌ను రిఫ్రిజరేటరు గల సమీప దుకాణములో కొనుట మేలు. తెప్పించుకొనక తప్పనిచో, మంచు సంచులతో పంపుమని కోరి, వచ్చు దినమున ఇంట ఎవరైన ఉండునట్లు చూచుకొనవలెను.

3. పొట్లము విప్పిన వెంటనే మందు పేరు, బలము, గడువు తేదీ చూడవలెను. ఇన్సులిన్ వెచ్చగా నున్నను, గడ్డకట్టినను, మాత్రలు రంగు మారినను, ఒకదానికొకటి అంటుకొన్నను వాడక, విక్రేతకు తెలుపవలెను.

4. క్రొత్త సీసా మొదలిడిన పిదప చక్కెర పెరిగినచో మోతాదును స్వయముగా పెంచరాదు. సీసా మారిన సంగతిని వైద్యునికి మొదట చెప్పవలెను.

5. మందు ఆలస్యమైనచో ఎదురుచూచుచు మానివేయరాదు. వైద్యుని అడిగి, కొన్ని దినములకు సరిపడు మందును సమీప దుకాణములో తీసికొనవలెను.

6. నిర్బంధ పథకములో ఉన్నవారు, వేడిమికి చెడు మందులకు మినహాయింపు కోరుచు వైద్యునిచే వ్రాయించి పథకమువారికి పంపవలెను.

ఏ మార్గమున వచ్చినను, మందు చెడక, వేళకు అందుట ముఖ్యము. ఆ భరోసా లేనిచోట వేరొక మార్గమును కోరు అవకాశము రోగికి ఉండవలెను.