కేబిన్‌లోంచి విన్న సినిమా

'పుష్పక విమానం' మా టాకీసులో పడిన రోజు మ్యాట్నీకి నేల క్లాసు నుంచి ఒకటే కేకలు. "సౌండూ... సౌండూ... రేయ్ ఆపరేటరూ!" కంగారుగా ప్రొజెక్టర్ కింది తలుపు తీసి చూశాను. సౌండు ల్యాంపు వెలుగుతూనే ఉంది. యాంప్లిఫయర్ వేడిగానే ఉంది. కేబిన్ గోడకున్న బుల్లి స్పీకర్లో వీధి చప్పుళ్లు, వాయిద్యాలు బాగానే వినిపిస్తున్నాయి. రానివి మాటలు మాత్రమే. ఆ సినిమాలో మాటలే లేవని ఊరంతా చెప్పుకున్నా, తెర ముందు కూర్చున్నాక ఎవరికీ గుర్తులేదు. పావుగంటకి కేకలు సద్దుమణిగాయి. తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

1978లో రీళ్లు చుట్టే కుర్రాడిగా చేరి, 2012లో మా హాలుకి డిజిటల్ వచ్చేదాకా నేను ఆ కేబిన్‌లోనే ఉన్నాను. రోజుకి నాలుగు ఆటలు. జనం అనుకున్నట్టు ఆపరేటరు సినిమా చూస్తూ కూర్చోడు. కార్బన్ కడ్డీలు దగ్గరికి జరుపుకోవాలి, అయిపోయిన రీలు వెనక్కి చుట్టాలి, రెండో మెషీన్లో తర్వాతి రీలు ఎక్కించాలి. ఆ మధ్యలోనే అన్నం క్యారియరు విప్పుకోవాలి. మా పనిలో కళ్లకి తీరిక ఉండదు, చెవులు ఖాళీ. అందుకే మేం సినిమాని చూసినదాని కంటే విన్నదే ఎక్కువ.

రీలు అయిపోవస్తుంటే తెర మూల ఒక చుక్క మెరుస్తుంది. రెండో మెషీను మోటారు వెయ్యాలి. ఇంకో ఏడు సెకన్లకి మరో చుక్క, అప్పుడు బొమ్మ ఇందులోంచి అందులోకి మార్చాలి. కొత్తవాళ్లు ఆ చుక్క కోసం అద్దానికి కళ్లంటించుకుని నిలబడేవాళ్లు. నేను మూడో రోజు నుంచీ సంగీతాన్ని బట్టే లేచేవాణ్ణి. ఫలానా వయొలిన్ బిట్టు మొదలైందంటే చెయ్యి కడుక్కోవాలి, అంతే.

సౌండ్‌ట్రాక్ అంటే మీకు పాటల క్యాసెట్టు గుర్తొస్తుంది. మాకు అది నిజంగానే ఒక దారి. ఫిల్ము ముక్క వెలుతురుకి పెట్టి చూస్తే బొమ్మల పక్కన, అంచు చిల్లులకి ఆనుకుని, అగ్గిపుల్ల వెడల్పున ఒక చార కనిపిస్తుంది. మాటలున్న చోట ఆ చారకి చిన్న చిన్న రంపం పళ్లు. ఫైటింగు దగ్గర పళ్లు బారెడు సాగుతాయి. నిశ్శబ్దం వచ్చిన చోట గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. దాని గుండా దీపం వెలుతురు పోనిస్తే ఆ హెచ్చుతగ్గులే కరెంటుగా మారి, తెర వెనక పెట్టెల్లోంచి శబ్దమై వస్తాయి.

ఇందులో ఒక తిరకాసుంది. బొమ్మ పక్కనే దాని శబ్దం ఉండదు. బొమ్మేమో సెకనుకి 24 సార్లు గేటు దగ్గర ఆగి ఆగి నడవాలి. శబ్దం అలా కుదుపులతో నడిస్తే వినలేం, నీళ్లలా సాగిపోవాలి. అందుకని శబ్దం చదివే చోటు కాస్త కిందికి ఉంటుంది, ఫిల్ము మీద శబ్దాన్ని దాదాపు 20 ఫ్రేములు ముందే ముద్రిస్తారు. గేటుకీ దానికీ మధ్య ఫిల్ముని ఎంత వదులుగా వెయ్యాలో అంతే వెయ్యాలి. దాన్ని లూపు అంటాం.

'పుష్పక విమానం' రెండో రోజు సెకండ్ షోకి నిద్రమత్తులో ఆ లూపు పెద్దది వేశాను. ఆరు ఫ్రేములో ఏమో, అంటే పావు సెకను. మామూలు సినిమా అయితే పెదాలు ఒకటి మాటలు ఒకటి అయిపోయి ఈలలు పడేవి. ఇందులో పెదాలు కదిలేదే లేదు కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. కానీ హాల్లో నవ్వు రాలేదు! ఫస్ట్ షోలో కడుపు పట్టుకున్న చోటే సెకండ్ షోలో నలుగురైదుగురు కిసుక్కుమన్నారు. చప్పుడు పావు సెకను వెనకపడితే చమత్కారం చచ్చిపోతుందని నాకు ఆ రాత్రి తెలిసింది. ఇంటర్వెల్లో లూపు సరిచేశాక నవ్వులు తిరిగొచ్చాయి.

ఆ సినిమాకి సంగీతం ఎల్. వైద్యనాథన్. సింగీతం శ్రీనివాసరావు 1987లో తీశారు. మాటలు లేవు కనుక సంగీతమే అన్నీ చెయ్యాలి, అయినా ఎక్కడా అరవదు. అందులో నిరుద్యోగి కమల్ హాసన్ గది ఒక సినిమా హాలు పక్కన. పెద్ద హోటల్లోకి చేరాక ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టక, హాలు గోల టేపులో రికార్డు చేసి తెచ్చుకుని పెట్టుకుని పడుకుంటాడు. ఆ సీను వచ్చినప్పుడల్లా నాకు మా హాలు వెనక వీధివాళ్లు గుర్తొచ్చేవాళ్లు. ఆపరేటర్లకి దక్కిన ఏకైక గౌరవం అదేనని మా కుర్రాడితో అనేవాణ్ణి.

పాటల మీద నాకు కోపం లేదు. 1980లో 'శంకరాభరణం' ఆడినన్నాళ్లూ పాట వచ్చిందని సిగరెట్టుకి లేచినవాణ్ణి నేను చూడలేదు. కె.వి. మహదేవన్‌కి దానికి జాతీయ అవార్డూ వచ్చింది. కానీ పాటని జనం ఇంటికి తీసుకెళ్తారు, హాల్లో వాళ్ల గుండె పట్టుకుని ఆడించేది మాత్రం రీరికార్డింగే, అదే నేపథ్య సంగీతం. దాన్ని ఎవరూ తలుచుకోరు. జాతీయ అవార్డుల్లో పాటలకీ నేపథ్య సంగీతానికీ వేరువేరుగా ఇవ్వడం 2009 సినిమాలతో గానీ స్థిరపడలేదు. ఆ ఏడాది నేపథ్య సంగీతానికి అందుకున్నది ఇళయరాజా, 'పళశ్శిరాజా' అనే మలయాళ సినిమాకి. మన కీరవాణికి 'ఆర్ఆర్ఆర్' పాటకి ఆస్కార్ వచ్చిన సంగతి చిన్నపిల్లలకీ తెలుసు. ఆ సినిమా నేపథ్య సంగీతానికే ఆయనకి జాతీయ అవార్డు కూడా వచ్చిందని మా వీధిలో ఎవరిని అడిగినా తెల్లమొహం వేస్తారు.

ఆ రోజుల్లో రీరికార్డింగు అంటే మద్రాసు స్టూడియోలో తెర మీద రీలు వేసేవాళ్లు. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. సంగీత దర్శకుడు అది చూసి, ఎక్కడ మొదలెట్టాలో ఎక్కడ ఆపాలో లెక్క కట్టి స్వరాలు రాస్తే, వాయిద్యగాళ్లు వాటిని ఎదురుగా పెట్టుకుని మళ్లీ నడిచే బొమ్మకి సరిగ్గా సరిపడేట్టు వాయించాలి. ఇళయరాజా రీలు ఒకసారి చూసి నేరుగా కాగితం మీద పెట్టేస్తారని చెప్పుకుంటారు. నన్నడిగితే ఎక్కడ వాయించాలన్నదాని కంటే ఎక్కడ ఊరుకోవాలన్నదే కష్టం. ఇప్పటి సినిమాల్లో హీరో చెప్పు వేసుకున్నా డప్పులు మోగుతాయి, ఇంక కత్తి తీసినప్పుడు ఏం మోగించాలి?

ఇదంతా చెబితే మా మనవరాలు నమ్మలేదు. పదేళ్లది. 'శివ' తీసి చూపించాను, 1989 నాటిది. నాగార్జున తన అన్న కూతుర్ని సైకిలు మీద ఎక్కించుకుని పారిపోతుంటే రౌడీలు కారులో వెంటపడే సీను. ముందు సౌండు తీసేసి చూపించాను.

"ఏముంది తాతయ్యా, సైకిలు తొక్కుతున్నాడు" అంది, చేతిలో జంతిక నములుతూ.

వెనక్కి జరిపి సౌండు పెట్టాను. ఇళయరాజా వాయిద్యాలు ఉరకడం మొదలైంది. నేను అలవాటుకొద్దీ అటు తిరిగి కూర్చుని విన్నాను, చూడలేదు. కాసేపటికి జంతిక నమిలే చప్పుడు ఆగిపోయింది.