మసీదు మల్గీల అద్దె ఎవరి సొమ్ము? వక్ఫ్ ఆదాయం ఖర్చయ్యే తీరు

హజ్‌కు వెళ్లే తెలంగాణ యాత్రికుల్లో కొందరి పేర్లు ఖురా (లాటరీ)లో వస్తాయి. వాళ్లకు మక్కాలోని నిజాం రుబాత్‌లో ఉచిత బస. గది అద్దె మిగిలిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అది పాత హైదరాబాద్ రాష్ట్ర ప్రజల కోసం ఏర్పాటైన వక్ఫ్. అందుకే ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్న పాత నిజాం జిల్లాలవారికి కూడా అందులో చోటుంది, గుంటూరు, విజయవాడ హాజీలకు మాత్రం లేదు. ఇదేం న్యాయం అనిపించవచ్చు. కానీ వక్ఫ్ అంటేనే అది. ఇచ్చిన వ్యక్తి (వాకిఫ్) ఎవరికోసమని చెప్పారో వాళ్లకే.

దీని మూలం హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో దక్కిన భూమి. దాన్ని ఏం చేయమంటారని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. అసలును అలాగే ఉంచి, దాని ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. దాంతో ఉమర్ (రజి) ఆ భూమిని అమ్మకూడదు, బహుమానంగా ఇవ్వకూడదు, వారసులకు పంచకూడదు అని షరతు పెట్టారు. పంట పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు. చూసుకునే మనిషి కూడా అందులోంచి మర్యాదగా తినవచ్చు, కూడబెట్టుకోకూడదు.

జకాత్‌కూ దీనికీ తేడా ఇక్కడే. జకాత్ సొమ్ము అర్హుల చేతికి చేరితే పని అయిపోతుంది. వక్ఫ్‌లో అసలు కదలదు, ఏటేటా వచ్చే రాబడే ఖర్చవుతుంది.

మన దగ్గర ఆ రాబడి అంటే ఎక్కువగా మల్గీల అద్దె, పొలం కౌలు. వసూలు చేసేది ముతవల్లీ లేదా కమిటీ. అందులోంచి మరమ్మతులు, కరెంటు బిల్లు, ఇమామ్, ముఅజ్జిన్ల జీతాలు పోతాయి. వక్ఫ్‌నామాలో రాసి ఉంటే పిల్లల ఫీజులు, బేవాలకు సాయం కూడా. నికర ఆదాయంలో 7 శాతానికి మించకుండా వక్ఫ్ బోర్డుకు కట్టాలని 1995 చట్టం చెప్పింది. 2025 సవరణ ఆ పరిమితిని 5 శాతానికి తగ్గించింది. సంతానం కోసం చేసిన వక్ఫ్ (వక్ఫ్ అలల్ ఔలాద్) అయితే, ఆ వంశం ఆగిపోయాక ఆదాయం చదువు, సంక్షేమం లాంటి పనులకు మళ్లుతుంది.

మరి ఇంత ఆస్తి ఉండి కూడా ఇమామ్ సాబ్ జీతానికి జుమా రోజు చందా ఎందుకు ఎత్తాల్సి వస్తోంది? ఆక్రమణలు ఒక కారణం. తెలంగాణలో 77 వేల ఎకరాలకు పైగా వక్ఫ్ భూమి ఉందని లెక్క, అందులో సగానికి మించి పరాయి చేతుల్లో ఉంది. దాని గురించి అందరూ మాట్లాడతారు. అద్దెల గురించి మాత్రం నోరు మెదపరు.

ఒక మసీదుకు 10 మల్గీలు ఉన్నాయనుకుందాం. తాతల నాటి కిరాయి నెలకు 500 చొప్పున 5,000 వస్తుంది. పక్క భవనంలో అంతే మల్గీకి 8,000 నడుస్తుంటే, మసీదుకు రావాల్సింది 80,000. ఆ 75 వేలు గాలిలో కలిసిపోలేదు, కిరాయిదారు గల్లాలో ఉన్నాయి. చాలాచోట్ల ఆ కిరాయిదారు మన జమాఅత్ మనిషే, మొదటి సఫ్‌లో నిలబడే మనిషే! కొందరైతే తాము 500 కట్టి, మల్గీని ఇంకొకరికి వేలల్లో తిప్పి ఇస్తారు. అడిగితే, "మా నాన్న కాలం నుంచి ఇంతే భాయ్" అంటారు. నిజానికి వాళ్లు తింటున్నది ముఅజ్జిన్ జీతం, ఓ యతీమ్ స్కూలు ఫీజు.

ముతవల్లీ ఏటా జమాఖర్చులు బోర్డుకు సమర్పించాలి, ఇది చట్టం పెట్టిన బాధ్యత. మీ మొహల్లా మసీదుకు ఎన్ని మల్గీలున్నాయో, ఒక్కోదానికి ఎంత వస్తోందో కమిటీని మర్యాదగా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద వక్ఫ్ బోర్డుకు దరఖాస్తు పెట్టండి. ఆస్తి దేనికోసం ఇచ్చారో తెలియాలంటే వక్ఫ్‌నామా, నిజాం కాలం నాటిదైతే ముంతఖబ్ నకలు కావాలి. అవి చాలావరకు ఉర్దూలో, పాతవైతే ఫార్సీలో ఉంటాయి. చదవగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ పని ఇప్పుడే చేయించుకోండి.