మీకు తెలుసా? ఇరువది యేండ్లకు నాలుగు ఆల్బములు!

గ్లాస్గో నగరమున వెలసిన ‘ద బ్లూ నైల్’ అను పాప్ బృందము 1984 మొదలు 2004 వఱకు వెలువరించినవి నాలుగే ఆల్బములు. అందు మొదటిదానిని ప్రకటించినది ఏ పేరుమోసిన సంగీతసంస్థయు గాక, రికార్డు ప్లేయర్లను నిర్మించు లిన్ కంపెనీవారి రికార్డుశాఖ యగుట మఱియు విచిత్రము. 1989 నాటి ‘హ్యాట్స్’ బ్రిటను పట్టికలో 12వ స్థానము నందినను, ఈ బృందమునందలి మువ్వురు తొలి సంగీతయాత్రకు బయలుదేరినది 1990లోనే. బృందగాయకుడు పాల్ బుకానన్ గంభీరగళమున తడిసిన వీధులను, నగరదీపములను దర్శించి మైమఱచిన యానాటి శ్రోతలు, తమకు మాత్రమే చిక్కిన నిధియని చిరకాలము మురిసిరి. అభిమానులకు ఇంతమాత్రపు స్వార్థము తగదా? ఆ నిధి 2024లో లోకవిదితమైనది: టేలర్ స్విఫ్ట్ తన ‘గిల్టీ యాజ్ సిన్?’ పాటలో వారి ‘ద డౌన్‌టౌన్ లైట్స్’ను పేరెత్తి స్మరించినది.