వాల్వ్ పీకేస్తే ఇంజిన్ చల్లబడదు

మామిడి కోతలు ఊపందుకునే ఏప్రిల్, మే నెలల్లో విస్సన్నపేట చుట్టుపక్కల పాత మహీంద్రా జీపులకు ఊపిరాడదు. ఎమ్.ఎమ్. 540లు, కమాండర్లు, మొదటి తరం బొలేరోలు కాయల ట్రేలు నింపుకుని, తోటలోని మెత్తటి మట్టిలో లో గేర్‌లో ఈడ్చుకుంటూ తారు రోడ్డెక్కి, నూజివీడుకో నున్న మార్కెట్‌కో చేరాలి. బండి హీటెక్కుతోందన్న మాట మొదలయ్యేదీ ఆ నెలల్లోనే. దానికి అందరి దగ్గరా ఒకే మందు ఉంది: థర్మోస్టాట్ వాల్వ్ పీకి అవతల పారెయ్. ‘అది చలిదేశాల బండ్లకు పెట్టింది, మన ఎండలకు దాంతో పనేంటి’ అన్న వేదాంతం ఒకప్పుడు షెడ్లలో మాత్రమే వినపడేది. ఇప్పుడు ఫోన్లో వీడియో చూసి ఇంటి ముందు చెట్టుకింద స్పానర్ పట్టే ప్రతివాడికీ అది కంఠస్థం. ఫలితం కళ్లముందే ఉంది. పొగ, ఎక్కువ డీజిల్, సీజన్ మధ్యలో ఎగిరిపోయే హెడ్ గ్యాస్కెట్, చివరికి ‘ముసలి బండి, ఇంక లాభం లేదు’ అంటూ తుక్కు ధరకు అమ్మకం. బండి ముసలిదై పోలేదు, వైద్యం వికటించి పోయింది.

ముందు ఆ వేదాంతం సంగతి చూద్దాం. సిలిండర్‌లో డీజిల్ మండేచోట వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకు బయట 25 డిగ్రీలున్నా 45 డిగ్రీలున్నా ఒకటే. వాల్వ్ చూసేది ఊరి ఎండను కాదు, ఇంజిన్‌లోని నీళ్లను. లోపలి మైనం ఎనభై రెండో, ఎనభై ఎనిమిదో, దాని మీద కొట్టిన అంకె ఎంతైతే అంత వేడికి కరిగి వ్యాకోచించి దారి తెరుస్తుంది. చల్లబడితే మూస్తుంది. 540లోని ఇంజిన్ ప్యూజో వాళ్లది కనక చలిదేశం సరుకేనని వాదించేవాళ్లున్నారు. 2112 సీసీల ఆ కుటుంబపు డీజిల్ ఇంజినే ప్యూజో 504లోనూ వచ్చింది. ఆ కారు పేరు తెచ్చుకున్నది ఆఫ్రికా ఎండల్లో. నైజీరియాలో దానికి కార్ఖానాయే పెట్టారు. అంత దూరం ఎందుకు, మన పొలాల కోసం మన దేశంలోనే తయారవుతున్న ట్రాక్టర్లలోనూ ఈ వాల్వ్ ఉంది. ఆ తయారీదారులందరికీ ఎండల సంగతి తెలియదనుకోవాలా?

వాల్వ్ తీసేస్తే ఏం జరుగుతుందో చూస్తే అసలు తమాషా తెలుస్తుంది. చాలా ఇంజిన్లలో నీళ్లకు రెండు దారులుంటాయి: ఒకటి రేడియేటర్ గుండా, రెండోది దాన్ని తప్పించుకుని నేరుగా పంపుకు తిరిగొచ్చే బైపాస్. వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని అడుగు పళ్లెం కిందికి దిగి ఈ బైపాస్‌ను మూస్తుంది, నీళ్లన్నీ రేడియేటర్ బాట పడతాయి. వాల్వే లేకపోతే బైపాస్ మూసే దిక్కు లేదు. కాగిన నీళ్లలో కొంత భాగం చల్లబడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తుంది. అందుకే వాల్వ్ తీసిన జీపు ఖాళీగా రోడ్డు మీద పోతున్నంతసేపు చల్లగానే ఉంటుంది, లోడుతో తోటలో మొదటి గేర్ వేసినప్పుడు మరుగుతుంది. తీయొద్దనేవాళ్లు కూడా కొందరు తప్పు కారణం చెబుతుంటారు: నీళ్లు మరీ వేగంగా పోతే రేడియేటర్‌లో చల్లబడే తీరిక ఉండదట. అది అర్థం లేని మాట. ప్రవాహం పెరిగినంత మాత్రాన రేడియేటర్ వదిలే వేడి తగ్గదు. వాల్వ్ అడ్డు వల్ల బ్లాకులో ఒత్తిడి నిలిచి హెడ్డు దగ్గర ఆవిరి బుడగలు కట్టకుండా ఉంటాయన్నది నిజమైన లాభం, బైపాస్ తెరిచి ఉండిపోవడమన్నది నిజమైన నష్టం.

‘వాల్వ్ తీశాక టెంపరేచర్ ముల్లు నిజంగానే దిగింది కదా’ అని అడుగుతారు. దిగుతుంది, రెండు సందర్భాల్లో. వాల్వ్ మూసుకుని బిగుసుకుపోయి ఉంటే, తీసేయగానే దారి తెరుచుకుంటుంది. అప్పుడు చేయాల్సింది కొన్ని వందల రూపాయలు పెట్టి కొత్తది వేయడం. తోట మధ్యలో అలా ఆగిపోతే తీసేసి ఇల్లు చేరడం తప్పేం కాదు, ఆ ఏర్పాటును పదేళ్లు కొనసాగించడం తప్పు. రెండో సందర్భంలో లోడు లేనప్పుడు ముల్లు యాభై, అరవై డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. దాన్ని చూసి సంతోషించేవాళ్లే ఎక్కువ. చల్లటి సిలిండర్‌లో డీజిల్ పూర్తిగా మండదు. మిగిలింది గోడల మీది నూనెను కడిగేసి ఆయిల్ చాంబర్‌లోకి జారుతుంది. సిలిండర్ గోడ చల్లగా ఉంటే అరుగుదల బాగా పెరుగుతుందని బ్రిటన్‌లో 1930ల నాటి పరిశోధనల్లోనే తేలింది. అప్పటి ఇంధనాల్లో గంధకం ఎక్కువ, ఇప్పటి బీఎస్-6 డీజిల్‌లో బాగా తక్కువ కనక గంధకం నుంచి పుట్టే ఆమ్లం గోడను తినేయడం ఈరోజు అంత లేదని ఒప్పుకోవాలి. నూనె పొర కడిగేయడం మాత్రం అలాగే ఉంది. బండి తొందరగా బోరుకు రావడానికి అది చాలు.

ఎండాకాలానికి, హీటెక్కడానికి సంబంధమే లేదా? ఉంది, కానీ అది రేడియేటర్ దగ్గర. రేడియేటర్ ఎంత వేడి వదులుతుందన్నది నీళ్ల వేడికి, బయటి గాలి వేడికి మధ్య తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 90, గాలి 25 అయితే తేడా 65. గాలి 45 అయితే తేడా 45. అంటే మే నెలలో రేడియేటర్ సామర్థ్యం మూడో వంతుకు దగ్గరగా తగ్గిపోయింది. చలికాలంలో సగం పూడిపోయినా లాక్కొచ్చిన రేడియేటర్ ఎండాకాలంలో చేతులెత్తేసేది అందుకే. తోటలో బండి నడక వేగంతో పోతుంది కనక ఎదురుగాలి ఉండదు, భారమంతా ఫ్యాన్ మీదే. బెల్టు వదులైతే ఆ ఫ్యాన్ కూడా అలంకారమే. ఇక రేడియేటర్ మూత. అర బార్ ఒత్తిడి పట్టే మూత ఉంటే నీళ్లు 100కు కాక దాదాపు 111 డిగ్రీలకు మరుగుతాయి. రబ్బరు చచ్చిన మూతతో ఆ పదకొండు డిగ్రీలూ పోయినట్టే. పూడిన గొట్టాలు, రెక్కల మధ్య దుమ్ము, వదులైన బెల్టు, చచ్చిన మూత: నిందితులు నలుగురుండగా శిక్ష పడుతున్నది అమాయకపు వాల్వ్‌కి.

ఆ గొట్టాలు పూడేది బోరు నీళ్ల వల్ల. కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఉప్పే బ్లాకులోనూ పేరుకుంటుంది. ఆ పొర వేడిని పట్టి ఉంచుతుంది. ‘కూలెంట్ మంచు పడే దేశాలకే, మనకు నీళ్లే మేలు’ అనే వాదంలో ఒక ముక్క నిజముందని ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి: వేడిని మోయడంలో ఉత్త నీళ్లు కూలెంట్ మిశ్రమం కన్నా మెరుగే. కానీ నీళ్లు తుప్పును ఆపవు, పంపు సీలును కాపాడవు. కూలెంట్‌కు ఇచ్చే డబ్బు ముఖ్యంగా దానిలోని తుప్పు నిరోధకాల కోసం. కలిపేటప్పుడు మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఆ డబ్బు కూడా దండగ. డిస్టిల్డ్ వాటర్ పోయండి.

సోకుల కోసం చేసే మార్పులదీ ఇందులో వాటా ఉంది. పెద్ద టైర్లు వేస్తే గేరింగ్ బరువెక్కి, ఇంజిన్ అదే దారిలో ఎక్కువ శ్రమపడుతుంది. గ్రిల్ ముందు బుల్ బార్, దానికి వరసగా లైట్లు, పైన ఓ డబ్బా బిగిస్తే రేడియేటర్‌కు గాలి వచ్చేదెలా? బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ‘ఆర్సీలో రాయిస్తే ఏ మార్పైనా చెల్లుతుంది’ అనేవాళ్లు, తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణానికి విరుద్ధంగా మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు చూడాలి. అదే ఏడాది చట్ట సవరణ ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టింది.

మిగతా అపోహలకు ఒకటి రెండు వాక్యాలు చాలు. పదిహేనేళ్లు దాటిన బండి తుక్కేనన్నది ఢిల్లీ ప్రాంతపు ఉత్తర్వులను మన నెత్తిన వేసుకోవడం. ఇక్కడ సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి, రుసుములు కట్టి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. ఫోర్ వీల్ ఎప్పుడూ వేసి ఉంచితే బండి గట్టిగా పట్టుకుంటుందనేది తారు రోడ్డు మీద గేర్లను నలిపే పని. మరిగిన ఇంజిన్ మీద బకెట్ నీళ్లు కుమ్మరించడం హెడ్డు పగలగొట్టుకునే సులువైన మార్గం. డీజిల్‌లో కిరోసిన్ కలిపితే ఆదా అనేవాళ్లు పంపు రిపేరు బిల్లు కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

ఇంట్లోనే చేసుకునేవాళ్లు కోతలకు ముందే, మార్చిలో ఒక ఆదివారం కేటాయించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. రెక్కల దుమ్మును లోపలి వైపు నుంచి బయటికి నీళ్లతో మెల్లగా కడగండి, పాత నీళ్లు వదిలేసి లోపల కూడా ధారగా నీళ్లు పారించి శుభ్రం చేయండి. బెల్టు బిగువు, హోస్ పైపుల పగుళ్లు, మూత రబ్బరు చూడండి. వాల్వ్‌ను పారేయకుండా దారం కట్టి నీళ్ల గిన్నెలో, అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. మీద కొట్టిన అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు దాదాపు పూర్తిగా తెరుచుకుంటే అది మంచిదే, తిరిగి బిగించండి. తెరుచుకోకపోతే అదే అంకె ఉన్న కొత్తది తెచ్చి వేయండి. ఇన్ని చేసినా బండి హీటెక్కితే రేడియేటర్‌ను విప్పించి గొట్టాల్లో పూడిక తీసే రాడ్డింగ్ చేయించండి. అప్పుడు కూడా ఎవరైనా ‘ముందు వాల్వ్ పీకెయ్’ అంటే, ఆ షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ ధరెంతో కనుక్కుని, ఇంకో షెడ్డుకు వెళ్లండి.